గర్భసంచి ఆపరేషన్లు మన దగ్గరే ఎందుకింత ఎక్కువ? పేదరికం ఒక్కటే కారణమా?

మిరపచేను · చర్చ మొదలుపెట్టారు · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది పల్నాడు. నర్సింగ్ చేసి ఇప్పుడు పబ్లిక్ హెల్త్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఒక విషయం మీద మీ మాట వినాలనుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత (2015-16) ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఐదో విడతలోనూ మన రెండు రాష్ట్రాలే పైన ఉన్నాయి. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి.

మా ఎస్సీ కాలనీలో మా అమ్మ ఈడువాళ్లలో గర్భసంచి ఉన్నవాళ్లని వెతుక్కోవాలి. అందరూ మిరపకాయ కోతలకీ పత్తి తీతలకీ వెళ్లేవాళ్లే. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పనో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తారు. ఆయన టౌన్‌కి పంపిస్తాడు. అక్కడ స్కానింగ్ తీసి, సంచికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది అంటారు. ఆ మాట విన్నాక ఎవరికి నిద్ర పడుతుంది? వడ్డీకి తెచ్చి మరీ చేయించుకుంటారు.

మా గైడ్ దీన్ని ఆడవాళ్ల సమస్య అంటారు. క్లాసులో వాళ్లు పేదరికం అంటారు. నేను కులం పేరెత్తితే మాత్రం "ప్రతిదానికీ కులమేనా" అని వెంటనే వస్తుంది. మీరేమంటారు?

లెక్కలమాస్టారు · రాత్రి 9:40

అమ్మా, ఏమీ అనుకోవద్దు. నేనూ ఆ మాటే అంటాను. మా పిన్నికి 36 ఏళ్లకే తీసేశారు. మేం ఓసీలం. అయినా ఆ ఆసుపత్రివాళ్లు వదల్లేదు. వాళ్లు చూసేది డబ్బుని, కులాన్ని కాదు.

ఇంకొకటి. అదే సర్వేలో దేశం మొత్తం మీద కులాలవారీగా చూస్తే ఎస్టీల్లో ఈ ఆపరేషన్లు తక్కువ. వివక్షే కారణమైతే అందరికంటే వాళ్లలో ఎక్కువ ఉండాలి కదా?

ఏజెన్సీబాట · రాత్రి 10:05

మాస్టారూ, ఆ తక్కువ ఎందుకు తక్కువో మా పాడేరు వైపు వచ్చి చూడండి. కాన్పు నొప్పులు మొదలైన మనిషిని డోలీ కట్టి, కొండ దింపి, రోడ్డు మీదికి తీసుకొస్తే అప్పుడు 108 ఎక్కించాలి. గర్భసంచి తీయడానికి ముందు ఆసుపత్రి దాకా చేరాలిగా. మా దగ్గర రక్తం పోతున్న ఆడమనిషికి ఆపరేషన్ అవసరమైనా జరగదు. రక్తం లేక నీరసించి అలాగే పోడుకి వెళ్తుంది.

దొరికిన డాక్టరు తెలుగులో అడుగుతాడు. మా ముసలివాళ్లకి కువి వచ్చు, ఆదివాసీ ఒడియా వచ్చు. మధ్యలో ఆశా కార్యకర్త చెప్పాలి. నడుం కింద విషయం పక్కింటి పిల్ల ముందు చెప్పుకోలేక "కడుపు నొప్పి" అని మాత్రం చెప్పి వచ్చేస్తారు. కడుపు నొప్పికి బిళ్లలిస్తారు.

మీ టేబుల్లో మేం ఆరోగ్యంగా ఉన్నట్టే కనపడతాం.

మిరపచేను · రాత్రి 10:11

అన్నా, నేను ఈ వైపు నుంచి ఆలోచించనే లేదు. అంటే మైదానంలో అక్కర్లేని కోత, కొండ మీద అవసరమైనా అందని కోత. రెండూ కలిపి సగటు తీస్తే ఏదీ కనపడదు.

స్టెతస్కోపు · రాత్రి 10:52

నేను గైనకాలజిస్టుని. ప్రభుత్వంలో చేశాను, ప్రైవేటులోనూ చేశాను. డాక్టర్లని విలన్లని చేసే ముందు ఒక మాట వినండి.

చాలాసార్లు ఆపరేషన్ అడిగేది పేషెంటే. "తీసేయండి డాక్టరమ్మా, నెలనెలా ఈ బాధ పడలేను, కూలి పోతోంది" అంటుంది. ఎక్కువ రక్తస్రావానికి ముందు మాత్రలు వాడాలి, హార్మోన్ లూప్ వేయొచ్చు, మూడు నెలలు ఆగి చూడాలి అంటే, రెండో విజిట్‌కి రాదు. మరో చోటికి వెళ్లి చేయించుకుంటుంది. తెల్లబట్టకి గర్భసంచి తీయడం తప్పే, అది మందులతో పోయే ఇన్‌ఫెక్షన్. క్యాన్సర్ అని భయపెట్టడం నేరం. అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ అన్ని ఆపరేషన్లూ మోసం కాదు.

ఆపరేషన్ తర్వాత సంగతి ఎవరూ చెప్పరు, అది నేను చెప్తాను. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లాగినట్టు. 35 ఏళ్ల మనిషికి ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా మామూలు కంటే ముందే పనిచేయడం మానేయొచ్చు. కూలి పోకూడదని చేయించుకున్న మనిషి నలభై దాటేసరికి బరువు ఎత్తలేని స్థితికి వస్తుంది.

ఆశక్క_ఖమ్మం · రాత్రి 11:20

డాక్టరమ్మ గారూ, పేషెంటే అడుగుతుంది అన్నారు కదా. ఎందుకడుగుతుందో కూడా చూడాలి. చేలో మరుగు ఉండదు, గుడ్డ మార్చుకునే చోటుండదు, నీళ్లుండవు. మేస్త్రీ ముఠా కట్టి తీసుకెళ్తాడు, ఒక రోజు మానితే ఆ సీజనంతా పిలవడు. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు కోతకి వెళ్లే ఆడవాళ్ల కథ ఇలాంటిదే. 2019లో ప్రభుత్వ కమిటీ సర్వే చేస్తే 82 వేల పైచిలుకు మందిలో 13 వేల మందికి పైగా గర్భసంచులు తీయించుకున్నవాళ్లే. అక్కడ ముకద్దమ్, ఇక్కడ మేస్త్రీ.

పైగా మన దగ్గర ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే పిల్లలాపరేషన్ అయిపోతుంది. ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతానికి ఆ ఆపరేషన్ అయి ఉంటుంది. మగవాళ్లలో ఒక్క శాతం కూడా లేదు. పిల్లలు అయిపోయారు, ఇంకా ఆ సంచితో పనేముంది అని అత్తా అంటుంది, మొగుడూ అంటాడు, చివరికి ఆమే అంటుంది.

నీలిజెండా · ఆదివారం ఉదయం 7:30

ఇంత చర్చ దేనికి? దళిత స్త్రీలు పైకులాల స్త్రీల కంటే 14.6 ఏళ్లు ముందే చనిపోతున్నారని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగమే 2018లో చెప్పింది. కులం లేదనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

లెక్కలమాస్టారు · ఉదయం 8:15

చెప్తాను. ఆ 14.6 అనేది పాత సర్వే నుంచి తీసిన లెక్క. చనిపోయినవాళ్ల సగటు వయసు దళిత స్త్రీలలో 39.5, పైకులాల స్త్రీలలో 54.1. అది ఆయుర్దాయం కాదు. పిల్లలూ కుర్రవాళ్లూ ఎక్కువున్న సమూహంలో చనిపోయినవాళ్ల సగటు వయసు సహజంగానే తక్కువ వస్తుంది. తేడా లేదని నేననను. అయితే ఆ అంకె పట్టుకుని వాదిస్తే ఎదుటివాడు ఒక్క దెబ్బకి కొట్టేస్తాడు.

మిరపచేను · ఉదయం 8:47

మాస్టారు గారు చెప్పింది మా క్లాసులో కూడా చెప్పారు. అందుకే సరైన ఆయుర్దాయం లెక్క కట్టిన పరిశోధన ఒకటి పెడుతున్నాను. 2022లో వచ్చింది. 2010-11 వార్షిక ఆరోగ్య సర్వే సమాచారంతో తొమ్మిది రాష్ట్రాల్లో చూశారు (యూపీ, బిహార్, ఒడిశా లాంటివి, మనవి లేవు). పైకులాల హిందువుల కంటే ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా తక్కువ, దళితులది మూడేళ్లకు పైగా తక్కువ, ముస్లింలది ఏడాది దాకా తక్కువ.

మీకు జవాబు తర్వాతి ముక్కలో ఉంది మాస్టారూ. ఇంటి ఆర్థిక స్థితిలో ఉన్న తేడాని లెక్కలోకి తీసుకున్నా, ఈ అంతరంలో సగం కూడా దానితో తేలలేదు. పేదరికం ఒక్కటే కారణమైతే మిగతా సగం ఎక్కడి నుంచి వచ్చినట్టు?

లెక్కలమాస్టారు · ఉదయం 9:02

సరే, ఇది గట్టి లెక్క. కానీ ఆ మిగతా సగం ఆసుపత్రి గదిలో ఏ రూపంలో పనిచేస్తుందో చెప్పండి. అంకె ఉందని కారణం తెలిసినట్టు కాదు.

మిరపచేను · ఉదయం 9:30

మా ఊళ్లో నేను కళ్లారా చూసిందే చెప్తాను.

మా కాలనీలో ఒక అత్తా, ఊళ్లో మేం పనికెళ్లే ఇంటి ఆంటీ, ఇద్దరికీ ఒకే ఏడాది ఒకే ఆసుపత్రిలో అదే మాట చెప్పారు, సంచి తీసేయాలని. ఆ ఆంటీ వాళ్లేం ధనవంతులు కాదు. కౌలు అప్పుల్లో ఉన్నారు. కానీ ఆవిడ ఇంటికొచ్చి గుంటూరులో ఉన్న మేనమామ కొడుక్కి ఫోన్ చేసింది. అతను డాక్టరు కూడా కాదు, మెడికల్ రిప్రజెంటేటివ్. రిపోర్టులు వాట్సాప్‌లో పెట్టించుకుని, తెలిసిన డాక్టరమ్మకి చూపించాడు. ఆమె మందులు రాసింది. ఆపరేషన్ లేదు.

మా అత్తకి ఫోన్ చేయడానికి ఎవరున్నారు? ఆర్‌ఎంపీ. పంపింది ఆయనే, కమీషన్ తీసుకునేదీ ఆయనే.

డబ్బుల్లో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఇద్దరూ ఆడవాళ్లే. తేడా ఎక్కడంటే చుట్టాల్లో. ఎవరి చుట్టాల్లో డాక్టర్లూ నర్సులూ ల్యాబ్ వాళ్లూ ఉంటారో తరతరాల చదువు నిర్ణయించింది. ఆ చదువు ఎవరికి అందిందో కులం నిర్ణయించింది. మాస్టారు గారి పిన్నిగారికి జరిగింది అన్యాయమే. అయితే ఆవిడకి తప్పించుకునే దారి ఒకటైనా ఉండి ఉండొచ్చు.

ఆశక్క_ఖమ్మం · ఉదయం 9:51

దీనికి ఇంకొకటి కలపండి. ఓపీలో "ఏ ఊరు" అని కాదు, "ఏ పేట" అని అడుగుతారు. పేట పేరు చెప్పగానే మీరు కాస్తా నువ్వు అయిపోతుంది. కాన్పుల గదిలో తిట్టే తిట్లు నేను ఇక్కడ రాయలేను. ఒకసారి ఆ అవమానం పడ్డ మనిషి తర్వాత ప్రభుత్వాసుపత్రి మెట్లెక్కదు. అప్పు చేసైనా ప్రైవేటుకే పోతుంది. అక్కడ మర్యాదగా "కూర్చోమ్మా" అంటారు. ఆ ఒక్క మాటకే సగం నమ్మేస్తారు మావాళ్లు.

స్టెతస్కోపు · ఉదయం 10:20

ఆశక్క చెప్పింది కాదనలేను. నేను పనిచేసిన చోటా విన్నాను.

ఒక పాత విషయం గుర్తుచేస్తాను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్తలో ఈ ఆపరేషన్లు ప్రైవేటులో విపరీతంగా పెరిగాయని గొడవైంది. తర్వాత పథకం కింద వీటిని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. పథకం డబ్బు ఆగింది గానీ చేతి డబ్బుతో చేయించుకోవడం ఆగలేదు. అంటే బీమా దుర్వినియోగం అని ఒక్క ముక్కలో తేల్చేయలేం.

నల్లకోటు · మధ్యాహ్నం 12:05

వకీలుని. మీరు మాట్లాడుతున్న దానికి, అంటే రెండుమూడు వివక్షలు కలిసి ఒకే మనిషి మీద పడటానికి, న్యాయశాస్త్రంలో ఇంటర్‌సెక్షనాలిటీ అని పేరు. కింబర్లీ క్రెన్‌షా అనే నల్లజాతి న్యాయ అధ్యాపకురాలు 1989లో వాడారు. ఆవిడ ఉదాహరణగా తీసుకున్న కేసు జనరల్ మోటార్స్ మీద ఐదుగురు నల్లజాతి ఆడవాళ్లు వేసింది. కంపెనీ ఆఫీసు పనికి ఆడవాళ్లని తీసుకుంది, వాళ్లు తెల్లవాళ్లు. ఫ్యాక్టరీ పనికి నల్లవాళ్లని తీసుకుంది, వాళ్లు మగవాళ్లు. 1976లో కోర్టు ఏమందంటే, ఆడవాళ్ల మీద వివక్ష అయినా చూపించండి, జాతి వివక్ష అయినా చూపించండి, రెండూ కలిపి కొత్త హక్కు అడగొద్దు అని. మిరపచేను గారి క్లాసులో జరిగేదీ అదే గదా. జెండర్ అనాలి లేదా పేదరికం అనాలి, ఒకటే ఎంచుకో అంటున్నారు.

మన దగ్గరి కేసు ఇంకా దగ్గరగా ఉంటుంది. చూపులేని ఎస్సీ యువతి మీద అత్యాచారం కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఏప్రిల్‌లో తీర్పు. ఆడమనిషి కావడం, దళితురాలు కావడం, చూపు లేకపోవడం విడివిడిగా కాక కలిసి ఎలా పనిచేస్తాయో కోర్టు వివరంగా రాసింది. యావజ్జీవ శిక్ష ఖాయం చేసింది. కానీ ఎస్సీ, ఎస్టీ చట్టం కింద పడ్డ శిక్షని మాత్రం కొట్టేసింది. కులం కారణంగానే నేరం జరిగిందని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదట. చెప్పిన సిద్ధాంతం ఒకటి, చేతికొచ్చింది ఒకటి. నాకు ఆ తీర్పు మీద ఇప్పటికీ అసంతృప్తి ఉంది.

గోదారిగట్టు · మధ్యాహ్నం 1:18

భద్రాచలం నుంచి. మా పాత ఖమ్మం జిల్లాలో జరిగింది మర్చిపోయినట్టున్నారు. 2009 జులైలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలుపెట్టారు. పాత్ అనే విదేశీ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. 10-14 ఏళ్ల ఆడపిల్లలు, సుమారు 14 వేల మంది. గిరిజన హాస్టళ్లలో ఉన్నవాళ్లు చాలామంది. కొందరు పిల్లలు చనిపోవడంతో పెద్ద గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

స్పష్టంగా చెప్పాలి, ఆ మరణాలు టీకా వల్ల కాదనే విచారణ కమిటీ తేల్చింది. పాముకాటు, నీళ్లలో పడటం, పురుగుమందు, మలేరియా. కానీ అనుమతి పత్రాల సంగతి? పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 1,948 మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని చాలా గట్టిగా తప్పుపట్టింది.

ఆ పిల్లలు కోయవాళ్లు మాత్రమే అయి ఇంట్లో ఉండి ఉంటే తల్లిదండ్రుల్ని అడిగేవాళ్లు. హాస్టల్లోనే ఉన్నా పెద్దింటి పిల్లలైతే వార్డెన్‌కి ఆ ధైర్యం ఉండేది కాదు. అన్నీ ఒక్కచోట కలిశాయి కాబట్టే ఎవరూ ఎవరినీ అడగలేదు.

రమ్య_నాన్న · మధ్యాహ్నం 2:00

అయితే ఆ టీకా వేయించొచ్చా వద్దా? మా పాపకి పదకొండేళ్లు. ఇది చదివి టెన్షన్ మొదలైంది.

స్టెతస్కోపు · మధ్యాహ్నం 2:09

వేయించండి. టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతున్నారు. పైన చెప్పింది అనుమతి తీసుకోవడంలో జరిగిన తప్పు గురించి.

గోదారిగట్టు · మధ్యాహ్నం 2:15

డాక్టరమ్మ గారి మాటే నాదీ. మా అమ్మాయికీ వేయించాను. నా చేత్తో సంతకం పెట్టాను.

మూడోగది · మధ్యాహ్నం 3:40

నేను ట్రాన్స్ పురుషుణ్ణి. గర్భసంచి గురించి మాట్లాడేటప్పుడు మేమెవరికీ గుర్తురాం. గైనిక్ ఓపీలో లైన్లో నిలబడితే సెక్యూరిటీ బయటికి పంపుతాడు, "మగవాళ్లు ఇక్కడ కాదు" అని. చీటీ మీద స్త్రీ అని ఉంటే డాక్టరు నన్నూ చీటీనీ మార్చి మార్చి చూస్తాడు. పైన అందరికీ అక్కర్లేకపోయినా తీశారు. మావాళ్లు కావాలని అడిగితే ఏళ్ల తరబడి తిప్పుతారు. 2022లో ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్లకి ఏడాదికి 5 లక్షల కవరేజి అన్నారు. దానికి గుర్తింపు పత్రం కావాలి. ఇంట్లోంచి గెంటేసినవాడికి చిరునామా రుజువు ఎక్కణ్ణుంచి వస్తుంది?

హైదరాబాద్‌లో మాకంటూ 2021లో మిత్ర్ క్లినిక్ వచ్చింది. మా మనుషులే నడిపేవాళ్లు. అమెరికా నిధులు ఆగిపోవడంతో 2025లో మూతపడింది.

మోడరేటర్ · మధ్యాహ్నం 3:58

ఇది విడిగా మాట్లాడుకోవాల్సినంత పెద్ద విషయం. "ట్రాన్స్ ఆరోగ్యం" పేరుతో వేరే చర్చ తెరిచాను, అక్కడ కొనసాగించండి. పోస్టు మాత్రం ఇక్కడే ఉంచుతున్నాను. నిన్నటి నుంచి కులాల పేరుతో తిట్లున్న కామెంట్లు కొన్ని తీసేశాం.

నల్లకోటు · సాయంత్రం 5:30

గర్భసంచి ఆపరేషన్ల మీదే సుప్రీంకోర్టు తీర్పు ఉంది, ఎవరూ చెప్పలేదు. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అక్కర్లేని ఆపరేషన్ల మీద 2013లో ఒక డాక్టరే పిటిషన్ వేశారు. 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలని రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలి. రాష్ట్రంలోనూ జిల్లాలోనూ పర్యవేక్షణ కమిటీలుండాలి. అవసరం లేకుండా, లేదా పేషెంటుకి సరిగా చెప్పి ఒప్పుకోలు తీసుకోకుండా చేసినట్టు తేలితే ఆ ఆసుపత్రిని బ్లాక్‌లిస్టులో పెట్టాలి. మీ జిల్లా కమిటీ ఎన్నిసార్లు కూర్చుందో సమాచార హక్కు కింద అడగండి. వయసు, మండలం, కులం వారీగా లెక్క ఉందేమో కూడా అడగండి. లేదని జవాబొచ్చినా అది మీ ప్రాజెక్టుకి పనికొస్తుంది.

మిరపచేను · రాత్రి 8:10

అందరికీ థాంక్స్. ప్రశ్న మార్చుకుంటున్నాను. ఏ కులంలో ఎన్ని ఆపరేషన్లు అని కాదు. ఒకే మండలంలో, దాదాపు ఒకే ఆదాయం ఉన్న ఎస్సీ, బీసీ, ఓసీ ఆడవాళ్లని తీసుకుని, ఆపరేషన్ చెప్పాక మీరు ఇంకెవరిని అడిగారు, అడగడానికి ఎవరున్నారు అని అడుగుతాను. పక్కనే చెంచు గూడెం ఒకటి ఉంది. వాళ్లని మాత్రం అసలు డాక్టరు దాకా వెళ్లారా అని అడగాలి.

లెక్కలమాస్టారు · రాత్రి 8:26

ఆపరేషన్ అయినవాళ్లనే అడిగితే లెక్క వంకర అవుతుందమ్మా. చేయించుకోమని చెప్పినా మానేసినవాళ్లని కూడా వెతకాలి. మీ ఊరి ఆంటీ లాంటివాళ్లు. అసలు తేడా తెలిసేది వాళ్ల దగ్గరే. ఫారం తయారయ్యాక పంపండి, చూసిపెడతాను.

స్టెతస్కోపు · రాత్రి 8:41

తీసిన గర్భసంచిని బయాప్సీకి పంపాలి. ఆ రిపోర్టు ఉందా అని తప్పకుండా అడుగు. క్యాన్సర్ అని చెప్పి తీసినదాంట్లో నిజంగా ఏముందో ఆ రిపోర్టులోనే తెలుస్తుంది. అండాశయాలు తీశారా లేదా అనేది డిశ్చార్జి కార్డులో ఉంటుంది. చాలామందికి తమవి తీసేశారని కూడా తెలియదు.

ఆశక్క_ఖమ్మం · రాత్రి 9:05

కార్డు ఇంట్లో ఉంటే గదా అమ్మా. మా దగ్గర సగం మంది కాగితాలు ఆర్‌ఎంపీ బీరువాలోనే ఉంటాయి. ముందు ఆయన దగ్గరికెళ్లు.